కడిగేసిన అద్దం

మీ ఇంట్లో గోడకి అద్దాల ఫ్రేములో పాత ఫొటో ఏదైనా వేలాడుతుంటే, ముందు లేచి వెళ్ళి దాన్ని ఒకసారి పక్కనుంచి చూడండి. ఎదురుగా నిలబడి కాదు, పక్కనుంచి, కిటికీ వెలుతురు అద్దం మీద పడేలా. ఎక్కడైనా ఒకచోట ఫొటో తడిసినట్టు, చుట్టుపక్కల కంటే ముదురుగా కనిపిస్తే అక్కడ అది అద్దానికి అంటుకుపోయిందని అర్థం. అలా ఉంటే విప్పకండి. ఊడదీయాలని చూడకండి. ఫ్రేము అలాగే ఉంచి, అద్దం మీదనుంచే దానికి ఇంకో ఫొటో తీయండి. ఇప్పుడు అందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి, నిమిషం పని. ఆ పని చేసి వచ్చి మిగతాది చదవండి. నా కథ ఎక్కడికీ పారిపోదు.

నేను విజయవాడ వన్ టౌన్‌లో ఒక ఫొటో స్టూడియోలో పనిచేసి రిటైరైనవాణ్ణి. గవర్నమెంటు ఉద్యోగం కాదు కాబట్టి రిటైరవడమంటే కళ్ళు సరిగ్గా ఆనక ఒకరోజు ఇంటికి వచ్చేయడమే. దండలూ శాలువాలూ ఏమీ లేవు. బట్టల కొట్ల సందులో మేడ మీద ఉండేది మా స్టూడియో. కింద తోపుడుబళ్ళవాళ్ళు దారికోసం ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటుంటే, పైన మేము పెళ్ళికూతుళ్ళని కాస్త నవ్వమని బతిమాలుకుంటూ ఉండేవాళ్ళం. ప్రింట్లు వేయడం, కడగడం, ఆరబెట్టడం, ఫ్రేములు కట్టడం నా పని. ఇదంతా డెబ్బైల నాటి మాట. అప్పటికి నాకు పాతికేళ్ళు దాటాయి. ఆ పనిలో నన్ను మించినవాడు బెజవాడలో లేడని నా గట్టి నమ్మకం. ఆ మాట నాకెవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను.

మా ఓనరు గారికి పట్టింపులు ఎక్కువ. ప్రింటుని అంచులు పట్టుకునే ఎత్తాలి. ఒకసారి పెళ్ళి ఫొటో మీద నా బొటనవేలు పడితే, ఆయన దాన్ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూసి, "పెళ్ళి వాళ్ళదీ, వేలిముద్ర నీదీనా?" అన్నారు. ప్రింట్లని గంటసేపు నీళ్ళు మార్చి మార్చి కడగాలి. పూర్తిగా ఆరందే ఫ్రేములో పెట్టకూడదు. ఫొటోకీ అద్దానికీ మధ్య చుట్టూ మందపాటి అట్ట ఉండి తీరాలి. దాన్ని మౌంటు అనేవాళ్ళం. అది ఉంటే ఫొటో అద్దానికి తగలదు, మధ్యలో కాస్త గాలి ఆడుతుంది. "కృష్ణ ఒడ్డున ఉన్నాంరా మనం. ఈ ఊళ్ళో గాలి పిండితే నీళ్ళొస్తాయి" అనేవారు. వీటన్నిటికంటే పెద్ద పట్టింపు ఇంకొకటి. బాగుచేయమని ఎవరైనా పాత ఫొటో తెస్తే, దానిమీద చెయ్యి వేసేముందు కెమెరాతో కాపీ తీసి పెట్టుకోవాలి. కాపీ నెగెటివ్ కడిగి, బాగా వచ్చిందని చూసుకున్నాకే మిగతా పని. ఆ వయసులో నాకు ఇదంతా చాదస్తంగా ఉండేది. ఆయన ఎదురుగా ఉంటే చేసేవాణ్ణి. లేకపోతే నాకు తోచినట్టు చేసేవాణ్ణి.

ప్రతి ఫిబ్రవరిలోనూ గుణదల మేరీమాత ఉత్సవాలకి కొండ కింద మేమొక స్టాలు వేసేవాళ్ళం. జలపాతం బొమ్మ గీసిన తెర, ఒక కుర్చీ, ప్లాస్టిక్ పూల కుండీ, వెనక నల్ల దుప్పట్లు కట్టిన చిన్న డార్క్‌రూము. పొద్దున ఫొటో తీస్తే సాయంత్రానికల్లా ఫ్రేము కట్టి చేతికిచ్చేయడం మా ప్రత్యేకత. డెల్టా ఊళ్ళన్నిటినుంచీ వచ్చిన జనం మళ్ళీ బస్సెక్కే లోపల ఫొటో చేతిలో పడాలి. ఓనరు గారు స్టూడియోలో ఉండిపోయి స్టాలు నాకు వదిలేసేవారు. అంతమంది మధ్య నేనే రాజుని.

అలాంటి ఒక ఉత్సవంలో ఒక జంట వచ్చారు. ఆయన కంకిపాడు దగ్గర కాలవ లాకుల మీద లస్కరు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, గట్టు కాపలా ఆయన ఉద్యోగం. ఆమె నిండు నెలలకి దగ్గర్లో ఉంది. మామూలుగా ఆ రోజుల్లో మొగుడు కుర్చీలో కూర్చుంటే పెళ్ళాం పక్కన నిలబడేది. ఆయన మాత్రం, "తను నిలబళ్ళేదండీ, తననే కూచోబెట్టండి" అని కుర్చీ వెనక నిలబడ్డాడు. ఫ్లాషుకి అలవాటు లేక కళ్ళు ఆర్పుతూనే ఉన్నాడు. మూడోసారి కూడా ఆర్పితే ఆమెకి నవ్వాగలేదు. ఆ నవ్వులోనే నేను నొక్కేశాను. ఆయన మీసం కింద ముసిముసిగా నవ్వుతూ, ఆమె పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ వచ్చింది ఫొటో.

ఇవన్నీ నాకు ఆ రోజునుంచీ గుర్తున్నవి కావు. ఆమె తర్వాత స్టూడియోకి వచ్చినప్పుడు చెబితే తెలిసినవి. నాకు సొంతంగా గుర్తున్నది ఒకటే. ఆ ఏడు మధ్యాహ్నానికే మౌంటు అట్టలు అయిపోయాయి. స్టూడియోకి మనిషిని పంపి తెప్పించుకోవచ్చు, రిక్షాలో గంట పని. నేను పంపలేదు. ఆ సాయంత్రం కట్టిన ఫ్రేములన్నీ మౌంటు లేకుండానే కట్టాను. చివర్లో కొన్ని ప్రింట్లు వేలికి చల్లగా తగులుతూనే ఉన్నాయి. అంటే ఇంకా తడి ఆరలేదు. వాటినీ అలాగే అద్దానికి ఆనించి, వెనక అట్ట వేసి, మేకులు కొట్టి ఇచ్చేశాను. జనం సంతోషంగా తీసుకెళ్ళారు.

నాలుగేళ్ళ తర్వాత, ముసురు పట్టిన ఒక పొద్దున, ఆమె తువ్వాల్లో చుట్టిన ఫ్రేముతో మా మేడ మెట్లెక్కి వచ్చింది. ఓనరు గారు పెళ్ళి పనిమీద గుంటూరు వెళ్ళారు, సాయంత్రానికి గానీ రారు. స్టూడియోలో నేనూ, రీటచింగ్ చేసే పెద్దాయనా ఉన్నాం. నెగెటివ్‌ల మీద సన్నటి పెన్సిలుతో మొటిమలూ మచ్చలూ మాయం చేయడం ఆయన పని. రోజంతా కిటికీ దగ్గర వంగి కూర్చునే ఉండేవాడు, నస్యం పీల్చడానికి మాత్రం లేచేవాడు.

"అన్నయ్యగారూ, ఇది మీరే తీశారండి, గుణదల ఉత్సవాల్లో. గుర్తుందా?" అంది తువ్వాలు విప్పుతూ.

"గుర్తుందమ్మా" అన్నాను. అది అబద్ధం. ఆ రోజుకి అది మొదటిది.

"ఈయన పోయారండి. ఆ ఏడే, లాకుల దగ్గర గట్టు మీద పాము కరిచింది. అప్పటికి మా పాప పుట్టి పది రోజులు కూడా కాలేదు. నేనిప్పుడు మా ఊరి కాన్వెంటు బళ్ళో ఆయాగా చేస్తన్నా. ఈయన ఫొటో ఇంకోటి లేదండి. పాపకి నాన్నంటే ఇదే. పొద్దున లేవగానే దీనికి దండం పెట్టి గానీ పాలు తాగదు." అంటూ అద్దం మీద ఒకచోట వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, ఇక్కణ్ణించి ఏదో మచ్చలాగా పాకుతోందండి. మొదట భుజం దగ్గరే ఉండేది. ఈ వానల్లో గడ్డందాకా వచ్చింది. మొహం మీదికి రాకముందే ఏదన్నా చేస్తారని తీసుకొచ్చా."

చూడగానే నాకు తెలిసింది. తడిగా పెట్టిన ఫొటో, మౌంటు లేని ఫ్రేము, నాలుగు వానాకాలాలు. ఒక మూల తెల్లటి బూజు, ఆయన భుజం నుంచి పైకి నల్లగా మెరుస్తూ అంటుకున్న మరక. అది నా చేతిపనే. ఉత్సవాల నెగెటివ్‌లు ఏడాదికి మించి ఉంచేవాళ్ళం కాదు, మూటకట్టి, పాత ఫిల్ములోంచి వెండి తీసేవాళ్ళకి ఇచ్చేసేవాళ్ళం. అంటే ఆ మనిషి మొహం ఈ భూమ్మీద ఆ అద్దం కింద తప్ప ఇంకెక్కడా లేదు.

"మధ్యాహ్నం మూడింటికి రామ్మా, బాగుచేసి ఇస్తాను" అన్నాను.

ఆమె మొహం విప్పారింది. "ఈలోపు గుణదల వెళ్ళి కొవ్వొత్తి వెలిగించుకొస్తానండి" అని దిగి వెళ్ళిపోయింది.

రీటచింగ్ పెద్దాయన తలెత్తకుండానే, "కాపీ తీసుకుని ముట్టుకోవయ్యా. లేదా ఓనరు గారొచ్చేదాకా ఆగు" అన్నాడు.

"మీరు మీ పెన్సిలు సంగతి చూసుకోండి" అన్నాను.

ఆయన కాసేపటికి గొడుగు తీసుకుని భోజనానికి వెళ్ళాడు.

కాపీ తీయాలంటే స్టాండు దించాలి, లైట్లు పెట్టాలి, ఒక ఫిల్ము కడగాలి. గంటన్నర పని. అంతకుముందు అద్దానికి అంటుకున్న ఫొటోలు మూడు ఊడదీసి ఉన్నాను, మూడూ బాగానే వచ్చాయి. పైగా నా తప్పుని ఓనరు గారు వచ్చేలోపల నేనే సరిచేసి, ఆయన కంట పడకుండా ఇచ్చి పంపేయాలని తొందర. ఇప్పుడు ఆలోచిస్తే ఆ తొందరే నాచేత అన్నీ చేయించింది. మేకులు లాగి, బల్ల మీద గుడ్డ పరిచి, అద్దాన్ని బోర్లా పెట్టి, ఫొటో ఒక మూల కింద సన్నటి బ్లేడు దూర్చాను. ఆమె ఉన్న వైపు హాయిగా లేచి వచ్చింది. జలపాతం వచ్చింది, పూలకుండీ వచ్చింది. నాకు ధైర్యం వచ్చి కొంచెం గట్టిగా లాగాను. చిన్న చప్పుడైంది, కొత్త కాయితం చింపితే వచ్చేలాంటిది. చేతిలోకి వచ్చిన ఫొటోలో ఆమె నవ్వుతూ కూర్చుని ఉంది. కుర్చీ వెనక చొక్కా ఉంది, చేతులున్నాయి. మెడ దగ్గర్నించి పైకి తెల్లటి పీచు కాయితం.

స్టూలు మీద కూలబడ్డాను.

మా స్టూడియోలో ఒక అలవాటు ఉండేది. పాత ఫ్రేము విప్పితే దాని అద్దాన్ని వెంటనే సోడా వేసిన వేడినీళ్ళ తొట్టిలో వేసి, రుద్ది, చెక్క స్టాండులో ఆరబెట్టాలి. మళ్ళీ వాడుకోవచ్చు. రోజుకి అయిదారు అద్దాలు అలా కడిగేవాణ్ణి. ఆ వేళ కూడా లేచి ఆ అద్దాన్ని తీసుకెళ్ళి తొట్టిలో వేశాను. చేతులు అలవాటు ప్రకారం చేసేశాయని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. అద్దం మీద గరుగ్గా ఏదో అంటుకుని ఉందని నాకు తెలుసు. భోజనానికి వెళ్ళిన పెద్దాయన వచ్చి చూస్తాడని భయమేసింది. తిప్పి అవతలి వైపునుంచి చూడను కూడా లేదు. నీళ్ళలో పడిన కాసేపటికి ఆ పొర అద్దాన్ని వదిలి పైకి తేలింది. ఒక్క క్షణం ముక్కూ, మీసమూ స్పష్టంగా కనిపించాయి. అప్పుడైనా చెయ్యి పెట్టి ఆపి ఉండొచ్చు. నేను చూస్తూ నిలబడ్డాను. తర్వాత అది ముక్కలై, జిగురై, నీళ్ళలో కలిసిపోయింది. తొట్టి వంపేసి అద్దాన్ని తుడిచి స్టాండులో పెట్టాను.

మూడింటికి ఆమె వచ్చింది. కొత్త అద్దం, బాగా ఆరిన ప్రింటు, చుట్టూ మౌంటు, అన్నీ ఓనరు గారి పద్ధతిలో కట్టి సిద్ధంగా ఉంచాను. నా ఉద్యోగంలో అంత చక్కగా కట్టిన ఫ్రేము మరొకటి లేదు. అందులో మొహం లేదు, అంతే.

ఆమె చాలాసేపు చూసింది. "ఈయనేరండీ?" అంది.

"లోపలంతా కుళ్ళిపోయిందమ్మా. విప్పగానే పొడి పొడిగా రాలిపోయింది. తడి తగిలింది దీనికి. మీరు ఎప్పుడన్నా తడిగుడ్డతో తుడిచేవారా?"

ఎందుకడిగానో తెలుసు. ఆ కాలంలో తడిగుడ్డతో తుడవని ఇల్లు లేదు.

"రోజూ తుడిచేదాన్నండీ" అంది. "రోజూ. దుమ్ము పడకూడదని. తడిపి, పిండి..."

"తడి పనికిరాదమ్మా. అద్దం సందుల్లోంచి లోపలికి దిగుతుంది. పొడిగుడ్డతోనే తుడవాలి" అని పాఠం కూడా చెప్పాను.

"అయితే నా చేతుల్తో నేనే పోగొట్టుకున్నానండీ" అంది. ఏడవలేదు. ఫ్రేముని మళ్ళీ తువ్వాల్లో చుట్టుకుంది. నేను ఏదో అనబోతే, "మీరేం చేస్తారండీ అన్నయ్యగారూ, మీ ప్రయత్నం మీరు చేశారు" అని నాకే ధైర్యం చెప్పి మెట్లు దిగింది.

సాయంత్రం ఓనరు గారు వచ్చారు. పెద్దాయన సంగతి చెప్పేశాడు. నేను మాటలు కూడదీసుకుంటూ, ఎలా లాగానో, ఎక్కడ చిరిగిందో చెప్పాను. ఆయన తిడతారని చూస్తున్నాను. తిట్టలేదు.

"మొహం ఎక్కడికీ పోదురా. అద్దానికే ఉంటుంది. వెనక తెల్లకాయితం పెట్టి ముందువైపు నుంచి కాపీ తీస్తే గీత కూడా పడకుండా వస్తుంది. ఏదీ, అద్దం పట్టుకురా" అన్నారు, లైటు స్విచ్చి మీద చెయ్యి వేసి.

నేను కదల్లేదు. ఆయన నా మొహం చూశారు, తర్వాత చెక్క స్టాండు వైపు చూశారు. అందులో ఏడెనిమిది అద్దాలు వరసగా నిలబడి ఉన్నాయి. అన్నీ తళతళలాడుతున్నాయి. అందులో ఏది ఆమెదో నాకు కూడా తెలియలేదు.

"కడిగేశావా?" అన్నారు. స్విచ్చి మీదనుంచి చెయ్యి తీసేశారు. "వెళ్ళి ఆమెతో చెప్పిరా. తన తప్పు కాదని చెప్పు. అదొక్కటీ నువ్వు చేయగలవు" అన్నారు.

రేపు వెళ్తానన్నాను. వారం పోయాక ఆయన అడిగితే వచ్చే ఆదివారం అన్నాను. వానలు తగ్గాక అన్నాను. పెళ్ళిళ్ళ సీజను అయ్యాక అన్నాను. కొన్నాళ్ళకి ఆయన అడగడం మానేశారు. అడిగినప్పుడు బాధగా ఉండేది గానీ, అడగడం మానేశాక సిగ్గుగా ఉండేది. అప్పటినుంచీ కాపీ తీయకుండా ఏ పాత ఫొటోనీ ముట్టుకోలేదు. ఆ జాగ్రత్త వల్ల తర్వాత చాలామంది ఇళ్ళల్లో మొహాలు నిలిచాయి. నన్ను మెచ్చుకున్నారు కూడా. మెచ్చుకున్న ప్రతిసారీ నాకు ఆ తొట్టే గుర్తొచ్చేది.

మూడేళ్ళు గడిచాయి. మళ్ళీ గుణదల ఉత్సవాలు. స్టాలు ముందు ఒక ఆరేడేళ్ళ పిల్ల జలపాతం తెర చూసి ఆగిపోయి, వాళ్ళమ్మ చెయ్యి పట్టి లాగుతోంది. "అమ్మా, మనిద్దరం తీయించుకుందామే!" నేను కెమెరా వెనక నల్లగుడ్డ కింద ఉన్నాను.

"వద్దమ్మా" అంది ఆమె. "నా చేతిలో ఫొటోలు నిలవవు. పద."

ఆ గొంతు గుర్తుపట్టి తల బయటపెట్టలేకపోయాను. గుడ్డ తీసేసరికి జనంలో కలిసిపోయారు.

తర్వాతి ఆదివారం కంకిపాడు బస్సెక్కాను. కాన్వెంటు బడి ఆయా అంటే ఊళ్ళో ఎవరైనా చెబుతారు. ఒక్క గది ఇల్లు. చర్చిలో పూజ నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు, పిల్ల ఇంకా తెల్ల గౌనులోనే ఉంది. ఆమె నన్ను గుర్తుపట్టి గాభరాగా కుర్చీ దులిపి వేసింది. "కూచోండి అన్నయ్యగారూ, ఇంత దూరం వచ్చారు, టీ పెడతా" అని కిరసనాయిలు స్టవ్వు వెలిగించి గిన్నె ఎక్కించింది. గది అద్దంలా ఉంది. గిన్నెలు బోర్లించిన అరుగు, మేరీమాత పటం, జపమాల, మడతపెట్టిన దుప్పట్లు, ఎక్కడా నలుసు లేదు. ఎదురు గోడకి నేను కట్టిన ఫ్రేము ఉంది. దానిమీద మాత్రం వేలెడు మందాన దుమ్ము. అద్దం వెనక ఎవరున్నారో కూడా తెలియడం లేదు.

నా చూపు ఎటుందో ఆమె గమనించింది. "దాన్ని ముట్టుకోనండి నేను. పాపని కూడా ముట్టుకోనివ్వను. ఒకసారి జరిగింది చాలు" అంది.

అప్పుడు చెప్పాను. తడి ప్రింటు దగ్గర్నించి తొట్టి దాకా, ఒక్కటి వదలకుండా. మీ తడిగుడ్డ వల్ల కాదమ్మా, నావల్ల అన్నాను. చెబుతున్నంతసేపూ నేలే చూశాను. ఆమె స్టవ్వు దగ్గరే నిలబడి వింది.

"ఆ అద్దం కడక్కపోతే ఆయన ఉండేవారా?" అంది చివరికి.

ఇక్కడ కూడా ఒక అబద్ధం చెప్పి ఆమె బాధ తగ్గించవచ్చుననిపించింది. కానీ ఆమెకి చెప్పిన అబద్ధాలు అప్పటికే ఎక్కువైపోయాయి.

"ఉండేవారమ్మా" అన్నాను.

ఆమె వంగి స్టవ్వు ఆర్పేసింది. నీళ్ళింకా కాగలేదు. "ఇంక వెళ్ళండి" అంది. అన్నయ్యగారూ అనలేదు.

చెప్పులు వేసుకుంటుంటే లోపల కుర్చీ జరిపిన చప్పుడైంది. వెనక్కి తిరిగి చూశాను. నేను కూర్చున్న కుర్చీనే గోడకి జరుపుకుని దానిమీదకెక్కి, ఫ్రేముని దించి గుండెకి ఆనించుకుని, పొడి కొంగుతో తుడుస్తోంది. పిల్ల పక్కన నిలబడి, "అమ్మా, ముట్టుకోవచ్చా? ముట్టుకోవచ్చా?" అని అడుగుతోంది. ఆమె పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అద్దం మీద పెట్టింది.